సైట్‌లో బండ్లు లేపే దుమ్ము: ట్యాంకర్ పిలవకముందు చేయాల్సినవి, పిలిచాక చేయాల్సినవి

సైట్‌లో దుమ్ము లేస్తోందని ఎవరైనా అనగానే వచ్చే జవాబు ఒక్కటే, ట్యాంకర్‌ని పిలవండి అని. ట్యాంకర్ వస్తుంది, వెనక పైపు తిప్పి వదిలేస్తారు, రోడ్డు సగం బురదవుతుంది, టిప్పర్లు ఆ బురదని టైర్లకి అంటించుకుని గేటు దాటి మెయిన్ రోడ్డు మీద పరుచుకుంటూ పోతాయి, ఎండెక్కేసరికి అదంతా పొడై అటుగా వెళ్లే ప్రతి ఒక్కరి మొహాన కొడుతుంది. అంటే నీళ్లు, డీజిల్ ఖర్చుపెట్టి మరీ దుమ్ముని లోపలి నుంచి బయటికి తరలించాం. నీళ్లు వద్దని నేను అనట్లేదు, నీళ్లు కావాలి. కానీ వాటికంటే ముందు చేయాల్సిన పనులు కొన్ని ఉన్నాయి, అవి చేస్తే కొద్ది నీళ్లతో పని జరుగుతుంది, చేయకపోతే ఎన్ని ట్యాంకర్లు పోసినా చాలదు. ఆ వరసలోనే రాస్తున్నాను.

దుమ్ము ఎలా పుడుతుంది

కంకర దానంతట అది గాల్లోకి లేవదు. లేచేది అందులో ఉన్న మెత్తటి పొడి, 75 మైక్రాన్ల కంటే సన్నగా ఉండేది (మైక్రాన్ అంటే మిల్లీమీటరులో వెయ్యో వంతు), ఇంజినీర్లు సిల్ట్ అనేది. టైరు కింద పడ్డ రాయి నలిగి కొత్త పొడి తయారవుతుంది, టైరు దాన్ని ఎత్తి విసురుతుంది, బండి ముందుకు పోయాక దాని వెనక తిరిగే గాలి సుడి మిగిలినదాన్ని లేపుతుంది. కాబట్టి దుమ్ము ఎంత లేస్తుందన్నది ఐదింటి మీద ఆధారపడుతుంది: రోడ్డు పైపొరలో పొడి ఎంతుంది, తడి ఎంతుంది, బండి బరువెంత, వేగమెంత, ఎన్నిసార్లు తిరుగుతోంది.

అమెరికా పర్యావరణ సంస్థ ఈపీఏ మట్టి రోడ్ల దుమ్మును అంచనా వేయడానికి ఒక సూత్రం ఇచ్చింది. దాని ప్రకారం పైపొరలో పొడి శాతాన్ని సగం చేస్తే పీఎం10 దుమ్ము, అంటే 10 మైక్రాన్ల లోపు రేణువులు, 46 శాతం దాకా తగ్గుతుంది. బరువు సంగతి మాత్రం వేరు, బండి బరువు నాలుగు రెట్లయితే దుమ్ము నాలుగు రెట్లు కాదు, రెండు రెట్ల లోపే పెరుగుతుంది. దీన్ని జాగ్రత్తగా గమనించండి: 10 టన్నుల బండ్లు నాలుగు ట్రిప్పులు తిరగడం కంటే 40 టన్నుల బండి ఒక్క ట్రిప్పు తిరిగితే దుమ్ము తక్కువ. రోడ్డు ఆ బరువుని తట్టుకోవాలి, అది వేరే మాట, దానికి కింద వస్తాను.

ఇక ఈ దుమ్ము ఎందుకంత ముఖ్యమంటే, 10 మైక్రాన్ల లోపు రేణువులు ఊపిరితోపాటు లోపలికి పోతాయి, అందులోనూ 4 మైక్రాన్ల లోపువి ఊపిరితిత్తుల అడుగుదాకా చేరతాయి. కంటికి కనిపించే దుమ్ము కంటే కనిపించనిదే ఎక్కువ హాని చేస్తుంది. ఇసుక, గ్రానైట్, కాంక్రీట్ ముక్కలు నలిగిన పొడిలో సిలికా ఉంటుంది, ఏళ్ల తరబడి పీలిస్తే సిలికోసిస్ అనే ఊపిరితిత్తుల జబ్బు వస్తుంది, దాన్ని పూర్తిగా నయం చేసే మందు లేదు. అంతర్జాతీయ క్యాన్సర్ పరిశోధన సంస్థ 1997లోనే ఈ సిలికా పొడిని మనుషుల్లో క్యాన్సర్ కలిగించే వాటి మొదటి వర్గంలో చేర్చింది. ఏసీ క్యాబిన్‌లో కూర్చున్న డ్రైవర్‌కి ఇది అంతగా తగలదు. మలుపులో జెండా పట్టుకుని రోజంతా నిలబడే ఫ్లాగ్‌మ్యాన్‌కి తగులుతుంది, గోడ అవతల ఇంట్లో ఉండే పిల్లలకి తగులుతుంది. మీరు చేసే ప్రతి ఏర్పాటునీ వాళ్ల వైపు నిలబడి చూసుకోండి.

మొదట ఒక మధ్యాహ్నం నడిచి చూడండి

బండ్లు బాగా తిరిగే వేళ, ఎండ గట్టిగా ఉన్నప్పుడు, గాలి వచ్చే వైపు నిలబడి రోడ్డు మొత్తం చివరిదాకా చూడండి. దుమ్ము అంతటా ఒకేలా లేవదు. మలుపులు, ఎక్కుడు మొదలయ్యే చోటు, అన్‌లోడ్ చేసి బండి తిరిగే జాగా, గేటు ముందు భాగం, ఇవే ఎక్కువ. ఒక కాగితం మీద సైట్ గీసి ఆ చోట్లు గుర్తు పెట్టుకోండి, గాలి ఎటు వీస్తోందో బాణం వేయండి, ఇళ్లు, బడి, ఆసుపత్రి లాంటివి ఎటున్నాయో రాసుకోండి.

తర్వాత రోడ్డు పొడి ఎంతుందో తేల్చుకోవాలి. రోడ్డుకి అడ్డంగా, ఒక అంచు నుంచి రెండో అంచుదాకా, 30 సెంటీమీటర్ల వెడల్పు పట్టీ గీసి, అందులో వదులుగా ఉన్నదంతా మెత్తటి బ్రష్‌తో ఊడ్చి చాటలోకి ఎత్తండి. కింద గట్టిపడ్డ పొరని గీకొద్దు. ఆరబెట్టి, తూకం వేసి, 75 మైక్రాన్ల జల్లెడలో పట్టి, కిందికి దిగినదాన్ని మళ్లీ తూకం వేస్తే శాతం వచ్చేస్తుంది. ఈపీఏ లెక్కల్లో నిర్మాణ సైట్లలో మట్టిని గీకి ఎత్తుకుపోయే స్క్రేపర్లు తిరిగే దారుల సగటు 8.5 శాతం, కానీ ఒక శాతం లోపు నుంచి 23 దాకా ఉన్నవీ ఉన్నాయి. మీది ఎక్కడుందో తెలిస్తే రోడ్డు మీద ఎంత పని చేయాలో తెలుస్తుంది.

జల్లెడ లేకపోతే గాజు సీసా చాలు. వదులు మట్టి గుప్పెడు వేసి, దాని మీద పది సెంటీమీటర్ల ఎత్తు నీళ్లు పోసి గట్టిగా కుదిపి కింద పెట్టండి. సుమారు అర నిమిషంలో అడుగుకి దిగిపోయింది ఇసుక. ఆ తర్వాత కూడా నీళ్లని కలకగా ఉంచి నెమ్మదిగా దిగేదే మన సమస్య. అడుగున ఇసుక పొర ఎంత, దాని మీద కూర్చున్న మెత్తటి పొర ఎంత అని చూస్తే అంచనాకి సరిపోతుంది.

ట్రిప్పులు తగ్గించడం

బండి తిరగకపోతే దుమ్మే లేదు, ఇంతకంటే చవకైన పద్ధతి లేదు, అయినా దీన్ని ఎవరూ దుమ్ము పనిగా చూడరు. కంకర తెచ్చిన టిప్పర్ ఖాళీగా పోకుండా తవ్విన మట్టిని ఎత్తుకుపోయేలా చూడండి. సామాన్లు ఒకచోట దించి మళ్లీ ఇంకోచోటికి మోయడం మానండి, దించేటప్పుడే వాడే చోట దించండి. వర్కర్ల బైకులు, స్టాఫ్ కార్లు గేటు పక్కన గట్టి నేల మీదే ఆగాలి, లోపలిదాకా రానివ్వొద్దు. వీలైతే దారి ఒకవైపు నుంచి వచ్చి ఇంకోవైపు నుంచి పోయేలా పెట్టండి, అప్పుడు ఎదురుబండి కోసం అంచు మట్టిలోకి దిగాల్సిన పని ఉండదు. దారిని ఇళ్లున్న వైపు కంచె పక్కనుంచి కాకుండా మధ్యలోంచి తీసుకెళ్లండి.

అన్నిటికంటే పెద్ద లాభం ఇది: ప్లాన్‌లో శాశ్వత రోడ్డు ఎలాగూ ఉంటుంది కదా, దాని కింది పొరలు పని మొదట్లోనే వేసేయండి. చివర్లో వేసేదాన్నే ముందు వేస్తున్నారు కాబట్టి ఖర్చులో పెద్ద తేడా రాదు, పై పొర మాత్రం చివర్లో వేసుకోవచ్చు. దీన్ని ప్లానింగ్ మీటింగ్‌లోనే అడగాలి, పునాదులు లేచాక అడిగితే కుదరదు.

వేగం, దాని వెనక ఉన్న కూలి లెక్క

మట్టి రోడ్డు మీద వేగం సగం చేస్తే దుమ్ము కూడా దాదాపు సగమవుతుంది. లోపల గంటకి 15 నుంచి 20 కిలోమీటర్లు దాటనివ్వకండి. అయితే బోర్డు పెట్టి వదిలేస్తే ఎవరూ పాటించరు, దానికి కారణం డ్రైవర్లు మొండివాళ్లు కావడం కాదు. ట్రిప్పుకింత అని డబ్బులిస్తే ఎవరైనా పరిగెత్తిస్తారు, పొద్దుగూకేలోపు ఇంకో రెండు ట్రిప్పులు పడితే ఇంటికి ఇంకాస్త పట్టుకెళ్లొచ్చు కదా. ట్రాన్స్‌పోర్ట్ కాంట్రాక్టర్‌తో మాట్లాడి గంట లెక్కకో రోజు లెక్కకో మార్చండి, కుదరకపోతే గేటు దగ్గర గంటకి ఇన్ని బండ్లే అని టోకెన్ పెట్టండి. తొందరపడి లాభం లేదని తెలిసిన రోజు వేగం దానంతట అదే తగ్గుతుంది.

కనిపెట్టడానికి స్పీడ్ గన్ అక్కర్లేదు. గంటకి 18 కిలోమీటర్లంటే నిమిషానికి 300 మీటర్లు. గేటు నుంచి లోడింగ్ పాయింట్‌కి 600 మీటర్లుంటే సరిగ్గా రెండు నిమిషాలు పట్టాలి. గేటు దగ్గరి మనిషి ఫోన్‌లో బండి నంబర్, టైమ్ చెబితే చాలు, రెండు నిమిషాల కంటే ముందే చేరిందంటే ఎక్కువ వేగంతో వచ్చినట్టే. మట్టి హంప్‌లు మాత్రం వేయొద్దు, బండి బ్రేకు వేసి మళ్లీ యాక్సిలరేటర్ తొక్కే చోటే నేల ఎక్కువ నలుగుతుంది, లోడు కూడా చిందుతుంది. బండికీ బండికీ మధ్య దూరం ఉండాలని చెప్పండి, ముందు బండి దుమ్ములో వెనక డ్రైవర్‌కి దారి కనపడక ప్రమాదాలు జరుగుతాయి.

రోడ్డు పైపొర: అసలు పని ఇక్కడ

చాలామంది తాత్కాలిక రోడ్డే కదా అని తవ్విన మట్టినే చదును చేసి బండ్లు వదిలేస్తారు. ఆ రోడ్డు ఎండలో దుమ్ము, వానలో బురద, రెండింటికీ మధ్య ఇంకో రూపం ఉండదు. 150 నుంచి 200 మిల్లీమీటర్ల మందం కంకర పొర వేసి రోలర్ తిప్పితే మామూలు సైట్ రోడ్డు నిలబడుతుంది, కింద మెత్తటి నేల ఉంటే, బరువైన బండ్లుంటే ఇంకా ఎక్కువ కావాలి. నల్లరేగడి లాంటి బంకమట్టి నేలైతే కంకర కింద జియోటెక్స్‌టైల్ బట్ట తప్పనిసరిగా పరవండి. లేకపోతే బండి బరువుకి కంకర కిందికి దిగుతుంది, మట్టి పైకి తేలుతుంది, కొన్ని వారాల్లో మీరు వేసిన కంకర కనపడదు, మళ్లీ మొదటికొస్తుంది.

ఇక్కడ చాలామంది పొరబడే విషయం ఒకటుంది. మెత్తటి పొడి అసలే లేని కంకర మంచిదనుకుంటారు. అలాంటి కంకర పట్టు లేక అటూ ఇటూ దొర్లుతుంది, దొర్లి దొర్లి నలిగి పొడవుతుంది. గట్టి పైపొర కావాలంటే పెద్ద రాయి, చిన్న రాయి, ఇసుక, వాటిని పట్టి ఉంచే కొద్దిపాటి బంకపొడి, అన్నీ కలిసి ఉండాలి. 75 మైక్రాన్ల లోపుది 8 నుంచి 15 శాతం మధ్య, కాస్త జిగురున్నదైతే బాగా పట్టుకుంటుంది. కదలకుండా ఇరుక్కున్న పొడి రోడ్డుని కాపాడుతుంది, వదులుగా పైన పడున్నదే గాల్లోకి లేస్తుంది. కాబట్టి మన పని పొడిని పూర్తిగా తీసేయడం కాదు, వదులుగా లేకుండా చూడటం.

పట్టు రావాలంటే రోలింగ్ సమయానికి తడి సరిగ్గా ఉండాలి. మట్టిని పిడికిట్లో గట్టిగా పిసికి చేయి తెరవండి, ముద్ద విడిపోకుండా నిలబడాలి, అరచేయి మాత్రం తడవకూడదు. విడిపోతే ఇంకాస్త నీళ్లు కావాలి, చేయి తడిస్తే కాసేపు ఆగాలి. నీళ్లు నిలవకుండా మధ్యలో ఎత్తు, అంచుల్లో పల్లం ఉండాలి, 4 శాతం వాలు చాలు, అంటే 6 మీటర్ల వెడల్పు రోడ్డుకి నడుమ అంచుల కంటే 12 సెంటీమీటర్లు ఎత్తు. పక్కన కాల్వ తీయండి. నీళ్లు నిలిచిన చోట గుంత పడుతుంది, గుంత దగ్గర బండి బ్రేకు వేస్తుంది, అక్కడి నుంచే దుమ్ము మొదలవుతుంది.

కూల్చిన కాంక్రీట్, ఇటుక ముక్కలతో రోడ్డు వేయడం చవకే, కానీ అవి బండ్ల కింద త్వరగా పొడవుతాయి, పైగా సిలికా పొడి. వాడక తప్పకపోతే కింది పొరలో వేసి పైన గట్టి రాయి పరవండి. పాత తారు రోడ్డు గీకిన ముక్కలు దొరికితే వదలొద్దు, ఎండకి కాస్త మెత్తబడి బండ్ల కింద ఒకదానికొకటి అతుక్కుని పైపొరగా బాగా పనికొస్తాయి.

వారానికోసారైనా గ్రేడర్‌తో చదును చేయించండి, ఎండిన నేల మీద మాత్రం వద్దు, వాన పడ్డ మర్నాడో, కొద్దిగా తడిపాకో చేయించండి. బండ్లు తిరిగే కొద్దీ మెత్తటి పొడి అంచులకి చేరి గట్టులా తయారవుతుంది. దాన్ని మళ్లీ రోడ్డు మీదికి నెట్టడం చాలా సైట్లలో చూస్తుంటాను, అది మాన్పించండి, తడిపి ఎత్తి బయటికి తీసేయాలి.

నీళ్లు: ఎంత, ఎప్పుడు, ఎలా

ఇప్పుడు ట్యాంకర్‌ని పిలవొచ్చు. మొదట తెలుసుకోవాల్సింది, ఎక్కువ నీళ్లకి ఎక్కువ ఫలితం ఉండదు. రోడ్డు పైపొర తడిని ఎండినప్పటి స్థాయికి రెండు రెట్లు చేస్తే దుమ్ము 75 శాతం దాకా తగ్గుతుంది, ఐదు రెట్లు చేసినా తగ్గేది 95 శాతమే. ఆ చివరి 20 శాతం కోసం పోసే నీళ్లన్నీ బురదవుతాయి. కాబట్టి కొద్దికొద్దిగా, తరచుగా.

ఎంత తరచుగా అన్నదానికి 1980ల నుంచి వాడుకలో ఉన్న ఒక లెక్క ఉంది. గంటకి ఎన్ని మిల్లీమీటర్లు ఆవిరవుతుంది, గంటకి ఎన్ని బండ్లు పోతాయి, రెండు తడుపుల మధ్య ఎన్ని గంటలు, ఈ మూడింటినీ గుణించి, 0.8తో మళ్లీ గుణించి, చదరపు మీటరుకి పోసిన లీటర్లతో భాగించండి. వచ్చినదాన్ని 100 నుంచి తీసేస్తే దుమ్ము ఎంత శాతం అదుపులో ఉంటుందో తెలుస్తుంది. ఉదాహరణకి గంటకి అర మిల్లీమీటరు ఆవిరి, 20 బండ్లు, రెండు గంటలకోసారి తడుపు, చదరపు మీటరుకి ఒక లీటరు అయితే 84 శాతం. బండ్లు 40 అయితే 68కి పడిపోతుంది. ఆ 40 బండ్లతోనే తడుపు మూడు గంటలకి జరిగితే 52. ట్యాంకర్ ఒక్క గంట ఆలస్యమైతే ఎంత తేడా వస్తుందో చూడండి. ఎండాకాలం నడిమధ్యాహ్నం ఆవిరి గంటకి ఒక మిల్లీమీటరు దాకా పోతుంది, అప్పుడు ఒక లీటరు గంటలో ఎగిరిపోయినట్టే.

ఈ లెక్కలో అర లీటరు గంటకోసారి పోసినా, రెండు లీటర్లు నాలుగు గంటలకోసారి పోసినా జవాబు ఒకటే వస్తుంది. నిజంలో ఒకటి కాదు, లెక్కకి బురద సంగతి తెలియదు. రెండు లీటర్లు ఒక్కసారి పడితే నేల పీల్చుకోదు, పారుతుంది, పారుతూ మెత్తటి పొడిని పైకి తెస్తుంది, ఎండాక మొదటికంటే ఎక్కువ లేస్తుంది. అందుకే నేను అర లీటరు, మహా అయితే లీటరు దగ్గరే ఆగమంటాను.

సైట్‌కి ఎన్ని నీళ్లు కావాలో ఇలా వేసుకోండి: 400 మీటర్ల పొడవు, 6 మీటర్ల వెడల్పు రోడ్డంటే 2,400 చదరపు మీటర్లు, లీటరు చొప్పున ఒక తడుపుకి 2,400 లీటర్లు, పది గంటల పనిలో రెండు గంటలకోసారైతే 12,000 లీటర్లు.

పైపు వదిలేసి పోయే ట్యాంకర్ వద్దు. వెనక స్ప్రే బార్, దానికి విసనకర్రలా పరుచుకునే నాజిల్స్, ఒక పంపు ఉండాలి. బార్ 4 మీటర్లు తడుపుతుందనుకుందాం, ట్యాంకర్ గంటకి 6 కిలోమీటర్లు పోతే నిమిషానికి 400 చదరపు మీటర్లు, లీటరు పడాలంటే పంపు నిమిషానికి 400 లీటర్లు ఇవ్వాలి. ఇస్తోందో లేదో చూడటం చాలా సులువు: 40 సెంటీమీటర్లు, 50 సెంటీమీటర్లు ఉన్న అంచుల ట్రేలు మూడు తెచ్చి, టైర్లు తగలకుండా, ఒకటి మధ్యలో, రెండు చెరో అంచున పెట్టండి. ట్యాంకర్ మామూలు వేగంతో వాటి మీదుగా పోయాక ఒక్కో ట్రేలో నీళ్లు కొలపాత్రలో పోసి చూడండి. ఒక్కోదానిలో 200 మిల్లీలీటర్లుంటే చదరపు మీటరుకి సరిగ్గా లీటరు. మధ్యలో 350, అంచున 60 వస్తే నాజిల్స్ మూసుకుపోయాయి లేదా బార్ వంగింది. డ్రైవర్ కళ్ల ముందే ఈ పని చేయండి, ఆయనకి గేర్ ఏది, వేగం ఎంత అన్నది ఆ రోజే కుదురుతుంది.

మొదటి తడుపు మొదటి టిప్పర్ రావడానికి అరగంట ముందు. భోజనానికి బండ్లు ఆగే ముందు తడపడం దండగ, మళ్లీ మొదలయ్యే ముందు తడపండి. ఎక్కుళ్ల మీద, మలుపుల్లో రోడ్డంతా తడిపితే లోడు బండి జారుతుంది, అక్కడ కొంత తడిపి కొంత వదిలి పట్టీలు పట్టీలుగా వెళ్లమనండి, బండి బ్రేకు వేస్తే పొడి నేల దొరకాలి.

తాగే నీళ్లు ఇందుకు వాడొద్దు. గోతుల్లోంచి తోడిన నీళ్లు వాడొచ్చు, కానీ తేర్చకుండా పోస్తే మెత్తటి మట్టిని మళ్లీ రోడ్డు మీద మనమే పరిచినట్టు, నాజిల్స్ కూడా పూడుకుపోతాయి. శుద్ధి చేసిన మురుగునీళ్లు పనికొస్తాయి, మంచుతుంపరలా చల్లే మిషన్లలో మాత్రం వాడకూడదు, ఆ తుంపర్లని మనుషులు పీలుస్తారు. ఉప్పునీళ్లు ఇనుముకి, చెట్లకి చేటు.

ఆ తుంపర మిషన్ల గురించి కూడా అడుగుతుంటారు. లేచిన దుమ్ముని పట్టాలంటే నీటి తుంపర దుమ్ము రేణువుకి దగ్గర సైజులో ఉండాలి, గాలి తిరిగితే అది ఎటో పోతుంది. కూల్చే చోట, కంకర దించే చోట బాగా పనిచేస్తాయి. పొడవైన రోడ్డుకి మాత్రం నేలని తడపడమే దారి.

మందులు, ఒక గట్టి హెచ్చరిక

నీళ్లు దొరకని చోట, నెలల తరబడి నడిచే రోడ్డుకి రసాయనాలు లాభమే. కాల్షియం క్లోరైడ్, మెగ్నీషియం క్లోరైడ్ గాల్లో తేమని లాక్కుని నేలని తడిగా ఉంచుతాయి, 25 డిగ్రీల దగ్గర గాల్లో తేమ సుమారు 30 శాతం దాటితేనే ఇవి పనిచేస్తాయి, బాగా పొడి గాలుండే చోట డబ్బు వృథా. ఇనుముని తినేస్తాయి, స్టీల్ యార్డ్ పక్కన వేయొద్దు, చెట్ల వేర్లకీ మంచివి కావు. కాగితం గుజ్జు తయారీలో మిగిలే లిగ్నోసల్ఫోనేట్ మట్టిని అతికిస్తుంది, కానీ పెద్ద వాన పడితే కొట్టుకుపోతుంది. పాలిమర్ ఎమల్షన్లు పైన పొరలా గట్టిపడతాయి, గొలుసు చక్రాల మిషన్లు తిరిగితే ఆ పొర చిరిగిపోతుంది. ఏది వేసినా ముందు రోడ్డు సరిచేసి, వాలు పెట్టి, కొద్దిగా తడిపాకే వేయాలి. గుంతల రోడ్డు మీద పోస్తే లాభం లేదు.

వాడేసిన ఇంజిన్ ఆయిల్ మాత్రం చుక్క కూడా చల్లనివ్వొద్దు. అమెరికాలోని మిస్సౌరీ రాష్ట్రంలో టైమ్స్ బీచ్ అనే ఊళ్లో 1970ల మొదట్లో దుమ్ము కోసమని మట్టిరోడ్ల మీద వ్యర్థ నూనె చల్లించారు, అందులో డయాక్సిన్ అనే విషం కలిసి ఉంది. 1982లో పరీక్షల్లో బయటపడింది, మరుసటి ఏడాది ప్రభుత్వం ఊరు ఊరంతా కొనేసింది, రెండు వేల మందికి పైగా ఇళ్లు వదిలిపోయారు. చల్లినవాళ్లకి దుమ్ము ఆగిందనే కనిపించింది.

గేటు దగ్గర

అడుసు తొక్కనేల, కాలు కడగనేల అన్నారు కదా, లోపల రోడ్డు బాగుంటే గేటు దగ్గర పని సగం ఉండదు. అయినా ఏర్పాటు ఉండాలి. బయటికి పోయే దారిలో కనీసం 15 మీటర్ల పొడవు, 150 మిల్లీమీటర్ల మందం, 50 నుంచి 75 మిల్లీమీటర్ల సైజు కడిగిన రాయి పరవండి, కింద జియోటెక్స్‌టైల్ వేయండి. మీటరు వ్యాసం ఉన్న టైరు 15 మీటర్లలో దాదాపు ఐదు చుట్లు తిరుగుతుంది, ఆ తిరగడంలో రాళ్ల మధ్య బురద రాలిపోతుంది. రాళ్ల సందులు పూడిపోతే ఆ పరుపు పనిచేయదు, పైరాయి తీసి కొత్తది వేయాలి.

బంకమట్టి సైట్ అయితే టైర్లు కడిగే గుంట కావాలి, నీళ్లు తేరి మళ్లీ వాడుకునేలా కట్టండి, కడిగాక గేటుదాకా కాంక్రీట్ నేల ఉండాలి, లేకపోతే తడి టైరు మళ్లీ మట్టి పట్టుకుంటుంది. జంట టైర్ల మధ్య ఇరుక్కున్న రాళ్లని చూసే మనిషి ఉండాలి, అవి హైవే మీద వేగంలో ఊడి వెనకొచ్చేవాళ్లకి తగిలితే ప్రాణం మీదికొస్తుంది.

బయటి రోడ్డు మీద మట్టి పడితే అదే రోజు తీయించండి. పొడి చీపురుతో ఊడ్పించొద్దు, ఊడ్చేవాళ్లే ముందు పీలుస్తారు. తడిపి ఊడ్చాలి లేదా పీల్చే స్వీపర్ మిషన్ వాడాలి. పైపుతో కాల్వలోకి కొట్టేయడం కూడా వద్దు, కాల్వ పూడుతుంది.

లోడు టార్పాలిన్‌తో పూర్తిగా కప్పి ఉండాలి, బాడీ అంచు కంటే 15 సెంటీమీటర్లు కిందికే ఉండాలి, వెనక తలుపు సందుల్లోంచి ఇసుక రాలకుండా రబ్బరు పట్టీ ఉండాలి. సైలెన్సర్ గొట్టం నేల వైపు తిరిగి ఉంటే ఆ పొగే దుమ్ము లేపుతుంది, పైకో పక్కకో తిప్పించండి.

మనుషులు

ఫ్లాగ్‌మ్యాన్‌ని గాలి వచ్చే వైపు నిలబెట్టండి, గాలి మారితే జాగా మార్చుకోమనండి. గుడ్డ ముక్క ముక్కుకి కట్టుకుంటే సన్నటి పొడి ఆగదు, ఎన్95 లేదా ఎఫ్‌ఎఫ్‌పీ2 మాస్క్, మొహానికి సరిగ్గా అతుక్కునేది ఇవ్వాలి. మాస్క్ చివరి రక్షణ మాత్రమే, మాస్కులిచ్చాం కదా అని ట్యాంకర్ ఆపేయకూడదు. డ్రైవర్లు అద్దాలు మూసుకోవాలి, క్యాబిన్ ఏసీ ఫిల్టర్ సమయానికి మార్చాలి, బట్టలకి పట్టిన దుమ్ముని కంప్రెసర్ గాలితో ఊదుకోవడం మాన్పించాలి.

రోజూ చూసుకోవాల్సింది, ఆపాల్సిన రోజు

ఒక నోట్‌బుక్ చాలు: తడిపిన టైమ్, లీటర్లు, గంటకి బండ్లు, దుమ్ము కనిపించిన చోటు, గాలి దిశ. బండి వెనక దుమ్ము టైరు ఎత్తు దాటితే తడుపు వేళ అయినట్టు. ఆ తోక 30 మీటర్లు సాగినా, కంచె దాటినా, టైమ్ చూడకుండా ట్యాంకర్ కదలాలి. పక్క ఇళ్లున్న వైపు కంచె మీద శుభ్రమైన తెల్ల ప్లేటు ఒకటి పెట్టి సాయంత్రం వేలితో గీసి చూడండి, గీత పడితే మీకు ఫిర్యాదు రాకముందే తెలిసిపోతుంది. పెద్ద సైట్లలో పీఎం10 మీటర్లు గాలి వచ్చే వైపు ఒకటి, పోయే వైపు ఒకటి పెట్టాలి, రెండింటి తేడానే మనది, ఒక్కటే పెడితే ఊరి దుమ్ము, మన దుమ్ము కలిసిపోతాయి.

గాలి గంటకి 40 కిలోమీటర్లు దాటితే మట్టి రోడ్డు మీద బండ్లు ఆపేయాలి. మీటరు లేకపోతే చెట్లు చూడండి, పెద్ద కొమ్మలు ఊగుతున్నా, గొడుగు పట్టుకోవడం కష్టమైనా ఆ స్థాయికి వచ్చినట్టే. ఆపమని చెప్పే అధికారం ఎవరిదో ముందే పేరు పెట్టి రాసి ఉంచండి, పైవాళ్లకి ఫోన్ చేసి అడిగి ఆపేలోపు గంట గడిచిపోతుంది. గాలి తగ్గాక ట్యాంకర్ ఒక చుట్టు పూర్తి చేసేదాకా టిప్పర్లని గేటు దగ్గరే ఉంచండి, అప్పటికి పైపొర పూర్తిగా ఎండిపోయి ఉంటుంది.